కుడి చెయ్యి వేడి, ఎడమ చెయ్యి చల్లన

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను బద్ధకస్తుణ్ణి కాను. ఇరవై రెండేళ్ళుగా తొమ్మిదో నంబరు బస్సు నడుపుతున్నాను. రోజుకి నూట ఎనభై కిలోమీటర్లు తిరిగే మనిషిని బద్ధకస్తుడంటే ఎలా? కూర్చునే తిరుగుతాననుకోండి. నిలబడి నడిపితే ప్రయాణికులు దిగిపోతారు కదా!

ఈ వాదన మా డిపో డాక్టరుగారి దగ్గర పని చెయ్యలేదు. ఆయన్ని మేమంతా పీల్చండి డాక్టరు అంటాం. ఛాతీకి గొట్టం ఆనించి "పీల్చండి" అంటాడు. వదలమని చెప్పడం మర్చిపోతాడు. ఒక కండక్టరు పీల్చిన ఊపిరి పీల్చినట్టే ఇంటికెళ్ళి, భార్య చెబితే వదిలాడని డిపోలో చెప్పుకుంటారు.

ఈ ఏడాది ఆయన నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముఖం చిట్లించాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ చిట్లించాడు. ట్రెడ్‌మిల్ ఎక్కమన్నాడు. నాలుగో నిమిషంలో నేను దిగిపోయాను. నిజం చెప్పాలంటే నేను దిగలేదు, అదే నన్ను వెనక్కి జార్చేసింది.

"ఆరు వారాలు టైమిస్తున్నాను. రోజూ నలభై నిమిషాలు వ్యాయామం చెయ్యి. మళ్ళీ వచ్చినప్పుడు దీని మీద తొమ్మిది నిమిషాలు నిలవకపోతే స్టీరింగు సంగతి మర్చిపో. పోయిన వస్తువుల గదిలో వేయిస్తా," అన్నాడు.

ఆ గది మీరు చూడలేదు. డిపో కింద, ఒక బల్బు, నాలుగువందల గొడుగులు, ఎవరో బస్సులో వదిలేసి వెళ్ళిన పళ్ళ సెట్టు. అక్కడ కూర్చునేవాడు కూడా కొన్నాళ్ళకి ఎవరో వదిలేసి వెళ్ళినట్టే కనిపిస్తాడు.

నా బస్సు నాకు ప్రాణం. వంతెన దిగగానే బ్రేకు నొక్కుతానా, లోపల కునికిపాట్లు పడేవాళ్ళందరి తలలూ ఒక్కసారి కిందికి పైకి ఊగుతాయి. నేనేదో చెబితే యాభై మందీ ఔనన్నట్టుంటుంది. ఇంట్లో నాకు ఆ భాగ్యం లేదు.

ఇంట్లో మా ఆవిడ ఉంటుంది మరి.

ఆవిడ అద్దకం ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకుంటుంది. అక్కడ అందరూ బాయిలరమ్మ అంటారు. పైపు మీద అరచెయ్యి ఆనించి, లోపల పారుతున్నది ఏమిటో, ఎంత వేడిలో ఉందో, ఎక్కడ ఆగిందో చెప్పేస్తుంది. అరచేత్తో అంతా కనిపెట్టే మనిషితో పద్దెనిమిదేళ్ళ కాపురం. నేను దాచుకోగలిగింది ఏదీ లేదు, ఆయాసం తప్ప.

నేను డాక్టరు మాట చెప్పిన మూడో రోజుకి ఫ్యాక్టరీ వాళ్ళు వద్దనుకున్న వ్యాయామం సైకిలొకటి మా ఇంట్లో ఉంది. ఇనప ముద్ద. చక్రం ఒకటే, అదీ నేలకి తగలదు. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉండే బండిని నేనెప్పుడూ నమ్మను.

"వంటింటి పక్క గదిలో పెట్టించాను. పొద్దున్నే ఆరున్నర నుంచి ఏడూ పది దాకా తొక్కండి. నేను పక్కనే ఉంటాను," అంది.

"చూస్తూ ఉంటావా?"

"వింటూ ఉంటాను."

ఆ సైకిలు తొక్కితే కుయ్, కుయ్ అని మూలుగుతుంది. గోడకి అవతల అది ఆగిందో లేదో ఆవిడకి తెలిసిపోతుందన్నమాట.

మొదటి రోజు రెండు నిమిషాలు తొక్కాను. మోకాళ్ళు సైకిలు కన్నా గట్టిగా మూలిగాయి. అప్పుడు ఆలోచన వచ్చింది. దిగి, నేల మీద చాప పరిచి, దిండు వేసుకుని పడుకున్నాను. ఎడమ చేత్తో పేపరు పట్టుకుని, కుడి చేత్తో పెడలు తిప్పుతూ హాయిగా చదువుకున్నాను. కుయ్, కుయ్. నలభై నిమిషాలూ నిరాటంకంగా సాగింది. చివర్లో చెంబుతో నాలుగు చుక్కలు నుదుటి మీద చల్లుకుని, నోరు తెరిచి రొప్పుతూ బయటికొచ్చాను.

మా ఆవిడ నా రెండు చేతులూ ప్రేమగా పట్టుకుంది. పెళ్ళినాడు తప్ప అలా పట్టుకున్నట్టు గుర్తు లేదు.

"అలిసిపోయారా?"

"చాలా."

"కుడి చెయ్యి కాలుతోంది. నరాలు కూడా పొంగాయి. ఎడమ చెయ్యి ఫ్రిజ్జులోంచి తీసినట్టుంది."

నేను చేతులు వెనక్కి లాక్కోబోయాను. ఆవిడ వదల్లేదు.

"కండ పని చేస్తే రక్తం అక్కడికి పరిగెత్తుతుంది, అక్కడ వేడి పుడుతుంది. సైకిలు తొక్కితే తొడలు కాలాలి. మీరు కుడి చేత్తో తొక్కారా?"

"హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను."

"ఒక్క చేత్తోనేనా? రెండో చేత్తో సిగ్నల్ ఇచ్చారా, మలుపు వచ్చిందని?"

అంతే. తిట్టలేదు, అరవలేదు. వేళ్ళకంటిన అచ్చు సిరా చూసి, "పేపర్లో విశేషాలేంటి?" అని మాత్రం అడిగింది.

మర్నాడు నేను శాస్త్రీయంగా రంగంలోకి దిగాను. పెడలుకి తాడు కట్టి, చాప మీద పడుకుని కాలి బొటనవేలితో లాగాను. మూలుగు అచ్చం అలాగే వచ్చింది. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు ముందే తెచ్చిపెట్టుకున్నాను. చివరి అయిదు నిమిషాలూ తువ్వాలు ముంచి ముఖానికి, మెడకి, రెండు చేతులకీ సమానంగా కాపడం పెట్టుకున్నాను. అద్దంలో చూసుకుంటే ఎర్రగా, పండు టొమాటోలా ఉన్నాను. చెమట కోసం ఈసారి నీళ్ళు చల్లుకోలేదు, తువ్వాలు పిండుకున్నాను. అన్నీ ఆలోచించాను.

ఆవిడ ఫ్యాక్టరీ సంచిలోంచి ఏదో తీసి నా నుదుటికి గురి పెట్టింది. నేను రెండు చేతులూ పైకెత్తాను.

"దించండి. టెంపరేచర్ గన్ను ఇది. పైపులకి వాడతాం." అది టిక్కుమంది. "చర్మం నలభై ఒకటి!"

"చూశావా? ఎంత కష్టపడ్డానో!"

"నిజంగా చెమట పడితే అది ఆరుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది. అందుకే కదా పట్టేది! ఇంత తడి ఉండి నుదురు నలభై ఒకటి చూపించదు." గన్ను నా తొడ వైపు తిప్పింది. టిక్కు. "ఇక్కడ ముప్ఫై. మీ బస్సులో ఇంజను చల్లగా ఉండి రేడియేటర్ ఒక్కటే కాగుతుందా? ఇది వ్యాయామం కాదండీ, ఇస్త్రీ."

నాకు వాదించే ఓపిక లేక బల్ల దగ్గర కూర్చుని రొట్టె ముక్కలు తినడం మొదలుపెట్టాను. నాలుగోది అందుకుంటుంటే ఆవిడ పళ్ళెం వెనక్కి లాగింది.

"ఇంకో సాక్ష్యం. గట్టిగా కష్టపడ్డవాడి రక్తంలో ఎక్కువ వాటా కండల్లోకి పోతుంది. పొట్టకి పోయే పైపులు సన్నబడతాయి. దిగీ దిగగానే నాలుగు ముక్కలు లోపలికి వెళ్ళవు."

"నాది గట్టి పొట్ట."

ఆవిడ నవ్వలేదు. ఎదురుగా కూర్చుంది. కాసేపు బల్ల మీది గుడ్డ సర్దింది.

"ఆ డాక్టరు భయపెట్టాడని నేను మీ వెంట పడుతున్నాననుకుంటున్నారా? పోయిన నెల మీరు రెండు సంచులు పట్టుకుని లిఫ్టు దిగారు. అక్కణ్ణుంచి మన గుమ్మానికి పది అడుగులు. మధ్యలో గోడ పట్టుకుని ఆగారు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. నన్ను చూసి, తాళం వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకున్నారు."

"నిజంగానే వెతికాను."

"తాళం మీ పళ్ళ మధ్య ఉందండీ."

మనసు కరిగిపోయింది. మర్నాడు నిజాయితీగా సైకిలెక్కాను. పదకొండు నిమిషాలు తొక్కాను. మనసు కరిగినంత సులువుగా కొవ్వు కరగదని పన్నెండో నిమిషంలో తెలిసింది.

ఆ తర్వాత మా ఆవిడ పద్ధతి మార్చింది. నలభై నిమిషాల మాట ఎత్తడం మానేసింది. "నాకు మీ తొడలు వెచ్చగా ఉంటే చాలు. గన్ను ముప్ఫై నాలుగు చూపించాలి. కాపడం పెడితే పై చర్మమే కాగుతుంది, అయిదు నిమిషాలాగి మళ్ళీ కొలిస్తే బండారం బయటపడుతుంది," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. నలభై నిమిషాలు తొక్కడం ఎక్కడ, తొడలు వెచ్చబెట్టడం ఎక్కడ! అరగంట బొటనవేలితో తాడు లాగుతూ పేపరు చదివేవాణ్ణి. చివరి పది నిమిషాలు కుర్చీలో కూర్చోవడం, లేవడం, కూర్చోవడం, లేవడం. ఇరవైతో మొదలుపెట్టాను. ముప్ఫై నాలుగు రాలేదు. నలభై చేశాను. వారం తిరిగేసరికి ఎనభై చేస్తే గానీ గన్ను ఒప్పుకోలేదు. కాళ్ళు వణికేవి, కానీ ఆవిణ్ణి మోసం చేస్తున్నానన్న ఆనందం ముందు అదెంత!

"బాగుంది. ఇప్పుడు పల్స్ చూస్తాను. దిగగానే నూట ఇరవై ఉండాలి," అంది రెండో వారంలో.

కూర్చుని లేస్తే నూటపది దాటలేదు. ఆ గదికి రెండో తలుపుంది. అది వెనక మెట్ల మీదికి తెరుచుకుంటుంది. మాది నాలుగో అంతస్తు. చప్పుడు కాకుండా రెండంతస్తులు దిగి, పరిగెత్తుకుంటూ పైకొచ్చాను. నూట ఇరవై నాలుగు! మా ఆవిడ మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ తలూపింది. ఆ తలూపుడు చూడడానికి నేను పద్దెనిమిదేళ్ళు ఆగాను.

కానీ రోజులు గడిచేకొద్దీ రెండంతస్తులకి నూట పదిహేనే వచ్చేది. మూడెక్కాల్సి వచ్చింది. తర్వాత నాలుగు. గుండె కూడా మొండికేస్తోంది, వెనకటిలా సులువుగా కొట్టుకోవడం లేదని నాకు భలే విసుగొచ్చింది.

మూడో వారంలో ఆవిడ ఇంకో బాంబు వేసింది.

"సైకిలుకి మీటరు బిగించానండీ. ఎన్ని కిలోమీటర్లు తొక్కారో చూపిస్తుంది. రోజుకి పది చాలు."

నేను గదిలోకెళ్ళి కూలబడ్డాను. బొటనవేలితో లాగితే నలభై నిమిషాలకి ఒకటిన్నర కిలోమీటరు వచ్చింది. పది తిప్పాలంటే తొక్కక తప్పదు. తొక్కుతూ మెట్లెక్కలేను. మెట్లెక్కకపోతే పల్స్ రాదు. తొక్కితేనే పల్స్ వస్తుంది కదా అని మీరంటారు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. మోసంలో మునిగినవాడికి నిజం చివరి స్టాపులో గానీ గుర్తురాదు.

డిపోలో టైరు బాబాయికి గోడు చెప్పుకున్నాను. ఆయన నాకు బాబాయి వరస కాడు, డిపోలో అందరికీ బాబాయే. టైర్లు బిగించే చోట మేస్త్రి. ఆయన నడుముకి కూడా ఒక టైరుంటుంది, అది డిపోది కాదు. ఆయన భార్యని మేమంతా పిన్ని అంటాం. ఆవిడ ఆయన వెన్న కూడా కొలిచి పెడుతుంది.

"అబ్బాయ్, నేనొచ్చి తొక్కుతాలే. వెనక మెట్ల మీంచి వస్తాను. కానీ తొక్కాక నాకు నాలుగు రొట్టె ముక్కలు పెట్టాలి. వెన్న గోడకి సున్నం పూసినట్టు దట్టంగా ఉండాలి," అన్నాడు బాబాయి.

"ఎనిమిది పెడతాను బాబాయ్."

అలా మా ఉమ్మడి వ్యాపారం మొదలైంది. ఆరున్నరకి బాబాయి నాలుగంతస్తులూ మెట్లెక్కి వచ్చేవాడు. ఆయన లోపల సైకిలు తొక్కేవాడు. ఆయన తొక్కుతున్నంతసేపూ నేను, తొక్కినట్టు కనబడడానికి, మెట్లెక్కి దిగుతూ ఉండేవాణ్ణి. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, మొదట మూడుసార్లు, తర్వాత అయిదు, చివరికి ఎనిమిది.

మోసం చెయ్యాలంటే చదువుకోవాలి. నేను మా ఆవిణ్ణి మాటల్లో పెట్టి లోపలి సంగతులన్నీ లాగాను.

"మొదలుపెట్టగానే వేళ్ళు చల్లబడతాయేమిటి?" అని అడిగాను ఒకరోజు కూరగాయలు తరుగుతూ.

"మొదట్లో చర్మానికి పోయే రక్తాన్ని శరీరం తగ్గిస్తుంది, కండలకి కావాలిగా. కాసేపయ్యాక లోపల వేడి పెరిగిపోతుంది. తిన్న దాంట్లో పావు వంతే పనికి పోతుంది, మిగతాదంతా వేడే. ఆ వేడి బయటికి పోవాలి. అప్పుడు చర్మంలోని పైపులు తెరుచుకుంటాయి, ముఖం ఎర్రబడుతుంది, చెమట పడుతుంది."

"అంటే ముందు చల్లన, తర్వాత వేడి."

"అంతే. మీరేమిటి, ఈ మధ్య మహా శ్రద్ధగా వింటున్నారు?"

"ఆరోగ్యం మీద ఆసక్తి."

ఆవిడ కత్తి పక్కన పెట్టి, కొంగుతో నోరు తుడుచుకుంది. తుమ్ము వచ్చిందేమో అనుకున్నాను.

వ్యాపారంలో ఒక్కటే లోటు. బాబాయి వెన్న తినలేకపోయేవాడు. రోజూ దిగగానే పళ్ళెం వైపు ఆశగా చూసేవాడు, ఒక ముక్క కొరికేవాడు, పెట్టేసేవాడు.

"దిగడం లేదురా అబ్బాయ్. గొంతు దగ్గరే ఆగిపోతోంది," అనేవాడు దిగులుగా.

"పొట్టకి రక్తం అందడం లేదు బాబాయ్. ఒక గంట ఆగి తిను."

"గంట ఆగితే డ్యూటీ. నా బతుకింతే."

అయిదో వారం చివర్లో ఒక పొద్దున జరిగిందది. నేను రెండో అంతస్తు మెట్ల మీద ఉన్నాను. పైన బాబాయి మంచి జోరు మీదున్నాడు, కుయ్‌కుయ్‌లు ఒకదానినొకటి తరుముకుంటున్నాయి. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఫోను మోగింది. డిపో నుంచట. డాక్టరుగారికి ఏదో పనిపడి పరీక్షని ముందుకి, ఎల్లుండికే జరిపారు. మా ఆవిడ ఆ కంగారులో, ఎప్పుడూ లేనిది, గది తలుపు దబదబా బాదింది.

"ఏవండీ! తలుపు తియ్యండి!"

బాబాయి ఠక్కున ఆగి, సైకిలు మీంచి దూకి, మూల ఉన్న దుప్పట్ల అల్మారాలోకి దూరి తలుపు వేసుకున్నాడు. మా ఆవిడ తలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి గదిలో మనిషి లేడు, చక్రం మాత్రం తిరుగుతోంది. అదే క్షణంలో వెనక తలుపులోంచి నేను ఊడిపడ్డాను.

"సైకిలు లోపల తిరుగుతోంది, మీరు బయటి నుంచి వస్తున్నారు," అంది.

"గాలి కోసం వెళ్ళాను. ఇప్పుడే. ఇలా వెళ్ళి అలా వచ్చాను."

ఆవిడ చెయ్యి చాపి సీటు తడిమింది. "వెచ్చగా ఉంది."

"నాదే."

"తడిగా కూడా ఉంది. మీ ప్యాంటు పొడిగా ఉంది."

నేను ప్యాంటు వైపు చూసుకుంటుండగా అల్మారా తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపలి నుంచి మూడు దుప్పట్లు, ఒక దిండు, వాటి వెనక మా టైరు బాబాయి, నిలువుగా, చెట్టు ఒరిగినట్టు ఒరిగి, నేల మీద పడ్డాడు. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"బాబాయ్!" అని లేపి కూర్చోబెట్టబోయాను.

"లేపకండి!" మా ఆవిడ అరిచింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "పడుకోనివ్వండి. కాళ్ళు ఎత్తండి, ఆ స్టూలు మీద పెట్టండి. జోరుగా తొక్కి తొక్కి ఒక్కసారి ఆగి నిలబడ్డాడు. రక్తమంతా కాళ్ళలో ఉండిపోయింది. తలకి అందలేదు. మెల్లగా తొక్కుతూ ఆపాలి గానీ ఇలా… మీరు వెళ్ళండి, కింద క్లినిక్కులో నర్సమ్మని పిలవండి. ఊఁ!"

నేను పరిగెత్తాను. ఎన్ని మెట్లు దిగానో తెలియదు. నర్సమ్మని లిఫ్టులో ఎక్కించి, ఆవిడ పక్కన నిలబడి ఎదురుచూసే ఓర్పు లేక మళ్ళీ మెట్ల మీదికే పరిగెత్తాను. పైన లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి నేను దాని ముందు నిలబడి, "ఇటు, ఇటు," అంటున్నాను.

నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మీరు కింద ఉన్నారు కదా? మీలాంటి వాళ్ళు ఇంకొకరున్నారా?"

నర్సమ్మ లోపలికి వెళ్ళేసరికి బాబాయి కళ్ళు తెరిచాడు. కప్పు వైపు చూసి, "పంక్చరా?" అని అడిగాడు. ఆ మాట వినగానే మా ఆవిడ గోడకి చేరగిలబడి, ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. నవ్వుతోందనుకున్నాను. చేతులు తీస్తే కళ్ళు తడిగా ఉన్నాయి.

నర్సమ్మ బీపీ చూసి, నీళ్ళు తాగించి, ఫరవాలేదంది. అయినా డిపో డాక్టరుకి చూపించుకోమంది. బాబాయి తలూపి, పడుకునే, "రొట్టె ఉందా?" అన్నాడు.

ఆ రోజు నాకు పడాల్సిన తిట్లు పడలేదు. "పరీక్ష అయ్యాక మాట్లాడుకుందాం," అంది మా ఆవిడ. ఆ ఒక్క మాటతో నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. సైకిలు మీద నేను తొక్కింది మొత్తం కలిపి పదమూడు నిమిషాలు. మెట్ల సంగతి నేను లెక్కలో వెయ్యలేదు. అది మోసం కదా!

పరీక్ష రోజు ట్రెడ్‌మిల్ దగ్గర నిలబడితే గొడుగులు కళ్ళ ముందు కదిలాయి. డాక్టరుగారు ఛాతీకి తీగలంటించి, "పీల్చండి," అన్నాడు. పీల్చాను, అడక్కుండానే వదిలాను. ఆయన కొంచెం ఆశ్చర్యపోయాడు.

మిషను కదిలింది. నడిచాను. అది పైకి లేచింది. మా మెట్ల కన్నా పల్లంగానే ఉంది. నాలుగో నిమిషం దాటింది. ఆరో నిమిషంలో చెవులు వేడెక్కాయి, చెమట దిగింది, ఆ చెమట గాలికి చల్లగా కూడా తగిలింది. తొమ్మిదో నిమిషం దాటాక డాక్టరుగారు గడియారం చూడడం మానేసి నన్ను చూడడం మొదలుపెట్టాడు. పదకొండో నిమిషంలో ఆయనే ఆపాడు. ఠక్కున కాదు, మెల్లగా నడిపించి ఆపాడు.

మళ్ళీ పట్టీ చుట్టి గాలి కొట్టాడు. ఈసారి ముఖం చిట్లించలేదు. "అయిదు వారాల కిందటి మనిషివి కాదయ్యా! ఏం చేశావు?"

ఏం చేశానని చెప్పను? "మా ఇంట్లో సైకిలుంది," అన్నాను. అది అబద్ధం కాదు.

ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను. లిఫ్టు కోసం ఆగే ఓపిక కూడా లేకపోయింది. తలుపు తెరిచేసరికి లోపల మా ఆవిడ, పిన్ని, టైరు బాబాయి బల్ల చుట్టూ కూర్చున్నారు. బాబాయి తలవంచుకుని ఉన్నాడు.

"పాసయ్యాను! పదకొండు నిమిషాలు! చూశావా, నిన్నే కాదు, ఆ మిషన్ని కూడా మోసం చేశాను!"

ఆడవాళ్ళిద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"కూర్చోండి," అంది మా ఆవిడ. "రోజూ ఎన్నిసార్లు మెట్లెక్కారు?"

"ఎనిమి…" అని నాలుక్కరుచుకున్నాను. "నీకెలా తెలుసు?"

"వెనక తలుపు గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండేది. మీకు అంత సులువుగా ఎలా తెరుచుకుంది? నేనే నూనె వేశాను."

నేను కూర్చున్నాను.

"కుడి చెయ్యి పట్టుకున్న రోజే అర్థమైంది, మీరు చెప్పిన పని చెయ్యరని. కానీ చెప్పింది ఎగ్గొట్టడానికి ఎంత కష్టమైనా పడతారు. అందుకే తొడలన్నాను, కూర్చుని లేచారు. పల్స్ అన్నాను, మెట్లెక్కారు. కిలోమీటర్లన్నాను…"

"నన్ను పిలిచాడు," అన్నాడు బాబాయి నేల చూపులు చూస్తూ.

"పిలుస్తాడనే అనుకున్నాం," అంది పిన్ని. "మీకు కూడా డాక్టరు నడవమని చెప్పి ఏడాదైంది. నేను చెబితే నడిచారా? అబ్బాయి వెన్న ఆశ పెడితే నాలుగంతస్తులెక్కారు. నాలుగు కిలోలు తగ్గారు. పంతులమ్మలు కూడా ఇంత బాగా చదివించలేరు."

"ఒక్క తప్పు మాత్రం నాది," అంది మా ఆవిడ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మా ఇద్దరి వైపూ చూడలేదు. "ఆ రోజు తలుపు అలా బాదకూడదు. బాయిలర్ని కూడా ఒక్కసారి ఆపం, మెల్లగా చల్లారుస్తాం. తెలిసి తెలిసి తలుపు బాదాను. క్షమించండి బాబాయ్."

"పోనీలేమ్మా," అన్నాడు బాబాయి. "అల్మారాలో దుప్పట్లు మెత్తగానే ఉన్నాయి."

నాకు కోపం రావాలి. వెతికాను, దొరకలేదు. దొరికిందల్లా సిగ్గు, దాని పక్కనే కొంచెం గర్వం. "అయితే అంతా తెలిసిపోయింది కాబట్టి ఇక సైకిలు అక్కర్లేదుగా?" అన్నాను చిన్నగా.

"అక్కర్లేదు," అంది మా ఆవిడ వెంటనే.

నేను, బాబాయి ఒకేసారి ఊపిరి వదిలాం.

"పిన్ని వాళ్ళింటికి పంపించేస్తున్నాం. ఇవాళే. లిఫ్టులో పట్టదు, కొలిచి చూశాను. మీరిద్దరూ కలిసి మెట్ల మీంచి దించండి."

"వాళ్ళిల్లు ఎన్నో అంతస్తు?"

"అయిదు," అంది పిన్ని. "మా అపార్టుమెంట్లో లిఫ్టే లేదు నాయనా."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ నీళ్ళ సీసా నిండుగా నింపి నా చేతికిచ్చింది. వేళ్ళు తగిలాయి. చల్లగా ఉన్నాయి, నావి కాదు, ఆవిడవి. పొద్దుటి నుంచి పరీక్ష ఏమవుతుందోనని కూర్చున్న మనిషి చేతులవి. నేను ఒక నిమిషం పట్టుకుని ఉంచాను.

తర్వాత ఇనప ముద్దని చెరో వైపు పట్టుకుని వెనక మెట్ల మీదికి దిగాం. ముందు బాబాయి, వెనక నేను. మూడో అంతస్తు మలుపులో హ్యాండిలు గోడకి ఇరుక్కుంది. ఇద్దరం ఆగాం. బాబాయి ముఖం ఎర్రగా, చెమటతో మెరుస్తోంది. నాదీ అలాగే ఉండి ఉంటుంది.

"అబ్బాయ్," అన్నాడు రొప్పుతూ, "ఇప్పుడు మనం వ్యాయామం చేస్తున్నట్టు నటిస్తున్నామా, నిజంగా చేస్తున్నామా?"

"ఏమో బాబాయ్," అన్నాను. "నువ్వు ముందు నీ వైపు ఎత్తు."